పడవ కూలి

ఉండవల్లి దాటాక, అరటితోట అంచున,
రోడ్డు వెడల్పు చేసేవాళ్లు పక్కకి జరిపిన వీరగల్లు.
పేరినీడంటారు. పంతొమ్మిదేళ్లు.
కత్తి ఎత్తి నిలబడ్డాడు.
కుంకుమ, నూనె, లారీల దుమ్ము పట్టి
మొహం ఎప్పుడో అరిగిపోయింది.

మా తాత గురవయ్య ఈయన కథ చెప్పేవాడు.
మూడు రాత్రుల కథ.
రెండో రాత్రికీ మూడో రాత్రికీ నడుమ ఒక పూట ఉందని
నాకొక్కడికే చెప్పాడు,
గుంటూరు పెద్దాసుపత్రిలో, సెలైన్ బొట్లు లెక్కపెడుతూ.

ఆ పూట పేరినీడు అన్నం ముట్టలేదు.
నడుం మీంచి దట్టీ జారిపోతుంటే
తల్లి మాట్లాడకుండా ఇంకో ముడి బిగించింది.
"అచ్చం నాయనే" అంది ఎవరో ముసలమ్మ.
ఆ నాయనని గంపలో తెచ్చిన రోజు వీడికి ఆరేళ్లు.
గంపకి ముసిరిన ఈగలు గుర్తు.

చీకటి పడ్డాక దొడ్డిదారిన జారుకున్నాడు.
వెంటపడ్డ కుక్క మీద రాయి విసిరి,
విసిరినందుకు ఏడ్చి,
జొన్నచేల గుండా కృష్ణ ఒడ్డుకి చేరాడు.
అవతల బెజవాడ కొండ మీద ఒకటే దీపం.
దాని కింద తననెవరూ ఎరగరు.
కుండలు మోయొచ్చు. పేరు మార్చుకోవచ్చు.
ముసలాడు కావచ్చు.

"దాటిస్తావా?"
"కూలేమిస్తావు?"
కత్తి చూపించాడు.
పడవవాడు వల చిక్కు తీస్తూ, తలెత్తకుండానే,
"దాంతో పులుసు కాగుద్దా? ఉప్పుంటే చెప్పు."

ఉప్పు లేదు.
తెల్లారేదాకా ఇసకలో కూర్చున్నాడు.
ఈదడం వచ్చునంట మరి.
అదే నాకు అంతుపట్టలేదురా, అన్నాడు తాత.
కాళ్లు తిమ్మిరెక్కి లేచాడో,
ఆవుల మెడగంటలు వినపడి లేచాడో,
లేచి ఇంటిదారి పట్టాడు.
మిగతాది మూడో రాత్రి కథ.

"ఇదెందుకు పాడవు తాతా?"
"జనం లేచిపోతారని మా నాయన మానేశాడు.
నేను, ఏడుస్తానని."

మిర్చియార్డులో వారమంతా కాటా రాసి
మండే కళ్లతో ఆదివారాలు అటు వెళ్తుంటాను.
నూనె పొయ్యను. వంగి పాదాలు చూస్తాను.
చెక్కినవాడెవడో గాని అతనికీ తెలుసు:
ఛాతీ, కత్తి, కుడికాలు పగవాడి వైపు.
ఎడమ బొటనవేలు ఒక్కటీ
ఏటివైపు తిరిగి ఉంటుంది.

మొన్న సంచీలో ఉప్పు ప్యాకెట్టు ఉంది, ఇంటికని కొన్నది.
పెడదామనుకున్నాను. చెయ్యి దాకా వచ్చింది.
ఇప్పుడిస్తే ఎటు పోతాడు?
బ్యారేజీ మీద కూలి అడిగేవాడూ లేడు.
ఉప్పు ఇంటికే తీసుకెళ్లాను.