గుర్రు

రాత్రి రెండింటికి డ్రైవర్ సత్తార్ ఫోను:
"కొమురన్నా, బండిల డబ్బా గుర్రు పెడుతుంది.
మేడంకు నిద్ర పడ్తలేదు. జల్ది రా."

ఎర్రగడ్డ నుంచి బోరబండ ఎంత దూరం.
స్కూటర్ డిక్కీలో పానాలు, మీటరు, పాత సామాను మూట.
ఫంక్షన్ హాల్ గోడకు ఆనుకొని
చక్రాలున్న ఆ తెల్ల ఇల్లు నిలబడి ఉంది,
పెండ్లికొచ్చి అలిగిన చుట్టం లెక్క.

మేడం అప్పటికే షాటుకు పోయింది.
పౌడరు డబ్బాల అలమర కింద రేకు పెట్టె.
ఈ పక్క నుంచి జనరేటర్ కరెంటు,
ఆ పక్క నుంచి హాలు వాళ్ళ లైను,
నడుమ రెండు కాంటాక్టర్లు, పడని తోడికోడళ్ళు:
ఒకతె లోపలికొస్తే ఒకతె బయట నిలబడాలె.

నా కుడి చెవి జనరేటర్లకే ఇచ్చేసిన, ఇరవై ఏండ్లయింది.
ఎడమది సగం.
అందుకే బట్టల వరసలోంచి ఒక కట్టె హ్యాంగరు తీసి
ఒక కొస పెట్టెకు ఆనించి
ఇంకో కొస చెవి వెనక ఎముకకు పెట్టుకున్న.
వచ్చింది.
కందిరీగ కాదు, తిరగలి కాదు,
కడుపునిండా తిన్నంక మా మామ తీసే గుర్రు.

జనరేటరు మీద చప్పుడు లేదు.
హాలు లైను మీద పెడితే మళ్ళీ మొదలు.
మీటరు పెట్టిన: రెండొందల ఇరవై ఆరు.
కరెంటు మంచిదే.
సత్తార్ అప్పటికే హాలు వాచ్‌మన్‌ను తిట్టి వచ్చిండు,
వోల్టేజి దొంగలని.

రెండు దిక్కులా బంద్ చేయించిన.
వేలి ఉంగరం తీసి జేబులో వేసుకున్న,
ముషీరాబాద్ డిపోలో చెన్నకేశవులు వేలు చూసిన నాటి అలవాటు.
నోట్లో టార్చి. మూత విప్పితే
గులాబీ రంగు పౌడరు,
ఎన్ని మొఖాలకు పూస్తే రాలిందో,
ఇనుము మీద పేరుకొని ఉంది.
ఇదే అనుకున్న. బ్రష్షుతో దులిపిన, బిగించిన, లైను ఇచ్చిన.

గుర్రు.

మళ్ళీ బంద్. మళ్ళీ విప్పుడు.
అప్పుడు కనపడింది: ఇనుప మొఖంలో పొదిగిన
రాగి ఉంగరం, చిటికెన గోరంత,
ఒక మూల పగిలింది, వెంట్రుకంత.

సత్తార్ నమ్మలే. "గింత దానికా గంత లొల్లి?"
చెప్పిన:
మన కరెంటు సెకనుకు నూరుసార్లు సచ్చి బతుకుతది తమ్మీ.
సచ్చిన ప్రతిసారి అయస్కాంతం చెయ్యి వదులుతది.
ఎవరూ లేని ఆ రెప్పపాటు
ఇనుమును పట్టుకొని ఉండేది ఈ ఉంగరమే.
ఇది పగిలితే
వదులుడు, పట్టుడు, వదులుడు, పట్టుడు.
మనకు ఇనబడేది అది.
వాడు కాసేపు ఏమనలే.
తర్వాత "ఎంతయితది?" అన్నడు.

ట్రూప్ బజార్ తెరిచేసరికి పది.
మూటలో వెతికిన. సనత్‌నగర్‌ల ఒక లిఫ్టు పాడైనప్పుడు
పారేయబుద్ధి కాక దాచిన కాంటాక్టరు, అదే కంపెనీది.
కాయిలు మీది అంకెలు రెండుసార్లు చదివిన.
వైర్లు మార్చి లైను ఇచ్చిన.

ఠక్.

ఒక్కటే మాట.
హ్యాంగరు పెట్టుకొని విన్న:
ఎముకలో నా నెత్తురు చప్పుడు, అంతే.

అప్పుడు లేచింది సీట్ల నడుమ నుంచి
హెయిర్ డ్రెస్సర్ జుబేదా.
సాయంత్రం నుంచి విగ్గుల సంచి తల కింద పెట్టుకొని
ఆ గుర్రులోనే హాయిగా పండుకున్న మనిషి.
నన్ను చూడలే. ఏసీ దిక్కు చూసింది, భయంగా:
"కరెంట్ గయా క్యా?"

భరత్‌నగర్‌ల పట్టాల పక్క ఇల్లట.
రైళ్ళు ఆగిన రాత్రి పిల్లలు కూడా లేచి కూర్చుంటరట.

నాలుగైంది. మేడం పేకప్ చెప్పి కారులో అటే పోయిందట.
ఉంగరం మళ్ళీ తొడుక్కున్న.
సత్తార్ ఛాయ్ తెచ్చిండు,
రెండు కప్పులు, ముగ్గురికి.