ఇతరములు

రాత్రి పదకొండు నుంచి మూడు దాకా
అత్తాపూర్‌లో ఫ్లైఓవర్ పిల్లర్ కింద
మడతకుర్చీ వేసుకుని లెక్క రాశాను.
రోడ్డు వెడల్పు చేస్తారట,
ముందు ఎవరెవరు పోతున్నారో తేలాలట.

ఆఫీసు కాగితంలో గడులున్నాయి:
కారు, ఆటో, బస్సు, లారీ.
ప్రతిదాన్నీ చివరికి కార్లలోకి మార్చి కూడాలి.
బస్సు మూడు కార్లు.
సైకిలు అర కారు.
నడిచే మనిషికి అంకె లేదు.
మనిషిని కారు చేసే సూత్రం
ఇంకా ఎవరికీ చిక్కలేదు కాబోలు.

అర కారు ఒకటి వచ్చింది.
కాటేదాన్‌లో షిఫ్టు దిగిన జంగయ్య.
హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా, వెనక మడ్‌గార్డు లేదు,
చొక్కా వీపు మీద బురద
ఇంకో వెన్నెముక గీసింది.
"ఎడమకు గుంత, కుడికి లారీ, నడుమల తిట్లు.
తిట్లు తగిల్తె రక్తం రాదు గద మేడమ్,
నేను నడుమల్నే పోత."

తర్వాత చీపురు భుజాన వేసుకుని బాలనర్సమ్మ.
నేను ఫుట్‌పాత్ చూపించాను.
ఆమె మోకాలు చూపించింది.
"గేటు గేటుకు దిగుడు, మళ్ల ఎక్కుడు.
నాకు జీతమిచ్చేది ఊడ్వనీకె,
గుట్టలెక్కనీకె గాదు."
గేట్లు లెక్కపెట్టాను. ఆ మలుపు దాకా ఇరవై మూడు.
దానికీ గడి లేదు.

రెండు దాటాక గిట్టల చప్పుడు.
ఫంక్షన్ హాలు నుంచి తిరిగొస్తున్న తెల్ల గుర్రం,
మెడలో ఆరిపోయిన బల్బుల దండ,
కళ్లెం పట్టుకుని ముందు సర్వర్ మియా.
పెళ్లికొడుకు పైనున్నప్పుడు రోడ్డంతా దీనికోసం ఆగింది.
ఇప్పుడిది ప్రతి డీసీఎంకీ ఆగుతోంది.

మ్యాన్‌హోల్ దగ్గర నిలబడిపోయింది.
ముట్టె దించి ఇనుప మూతను వాసన చూసింది.
"కింద ఖాళీ ఉందని ఘోడాకు ఎర్క.
ఆద్మీలకే బోర్డు పెట్టాలె."
వెనక హారన్, దాని వెనక ఇంకోటి.
గుర్రం చెవులు వెనక్కి వాలాయి,
చర్మం మీద వణుకు గాలి తగిలిన నీళ్లలా పాకింది.
అడుగు మాత్రం వేయలేదు.
మూతను చుట్టి పోవడానికి నాలుగడుగుల మట్టి చాలు.
మట్టి లేదు.

పట్టిక తిరగేశాను.
గుర్రబ్బండి ఉంది, నాలుగు కార్లు.
బండి లేని గుర్రం లేదు.
ఇతరములు అని రాసి ఒక నిలువు గీత గీశాను.

సోమవారం డ్రాయింగు తెరిచి
ఒక్కో లేను నుంచి ఒక్కో అడుగు దొంగిలించాను.
ఫుట్‌పాత్‌ను జానెడు ఎత్తుకు దించాను,
గేట్ల దగ్గర దాన్నలాగే పోనిచ్చాను, కార్లే ఎక్కి దిగుతాయి.
అంచున నాలుగడుగుల మట్టి.
సార్ చూశారు. "రెండు చేద్దామమ్మా," బేరమాడినట్టు.
రెండడుగుల్లో గుర్రం పట్టదు సార్.
"నెలకెన్నిసార్లు వస్తుందేం, ఆ గుర్రం?"
ముహూర్తాలను బట్టి సార్.
ఆయన నవ్వారు.
నేనూ నవ్వాను, ఎందుకో.

కంప్యూటర్‌లో తయారు బొమ్మలుంటాయి.
మూడు రకాల కార్లు, ఈత చెట్టు,
గొడుగు పట్టుకున్న దొరసాని ఒకామె.
గుర్రం లేదు.
ప్రింటు తీసి, పెన్సిలు చెక్కి,
మ్యాన్‌హోల్ మూత ముందు గీశాను,
ముందు కాలొకటి ఎత్తి ఉంది,
ఎక్కడ దించాలో ఇంకా తేలక.