ఓడ కాలిన రాత్రి

వార్త మా గదికి వచ్చేసరికి
అన్నం ఉడుకుతున్నది.
సముద్రంల ఏదో ఓడ కాలిందట,
ఎవరు కాల్చిన్రో తెల్వదట.
సోహార్ రేవుకు ఒక ఫోన్ల దూరం,
ఇంకో ఫోన్ల దగ్గర.

మొదలు కుక్కర్ కూసింది.
ఆ తర్వాతనే మనుషులు.

బక్కన్న పై మంచం మీద సగం లేచి, తల ఫ్యానుకు తగలకుండ వంచి,
పేరు కూడ సరిగ్గ పలకరాని దేశాన్ని
నోటికొచ్చినట్టు తిట్టిండు.
పొద్దున ఫోర్‌మన్ సేఫ్టీ బెల్టును కాలితోని తన్ని
"నీలాంటోళ్లు ఫ్లైటుకు నూర్మంది దిగుతరు" అంటే
జీ, జీ అన్న నోరే అది.
పొద్దుగాల మింగిన తిట్టు
రాత్రికి తొవ్వ దొరికిచ్చుకున్నదనుకున్న.

రాజలింగం నవ్విండు.
పడి పడి కాదు, ముక్కులకెల్లి, మెల్లగ.
"రూపాయి పడుతది సూడుండ్రి,
రేపు రియాల్‌కు ఎంతొస్తదో!"
ఏజెంటుకు కట్టనీకె తెచ్చిన పైసల మిత్తి
ఆయన జేబుల మడతవెట్టిన ప్రపంచపటం.
యాడ నిప్పంటుకున్నా
మొదలు ఆ కాగితమే వెలుగుతది.

పీరయ్య ఏమీ అనలే.
తొంభైల కువైట్ల చిక్కి
ఎడారిల ఎన్ని దినాలు నడిచిండో ఎన్నడూ చెప్పనోడు,
బూట్లు తొడుక్కొని, లేసులు బిగిచ్చి,
బూట్లతోనే దుప్పటి కప్పుకున్నడు.
ఎందుకని ఎవరమూ అడుగలే.

పిలగాడు శ్రావణ్ మాత్రం మిద్దె మీదికి ఉరికిండు,
నల్లటి ఆకాశాన్ని వీడియో తీసి
తెలిసినోళ్లందరికీ పంపిండు.
మూడు వారాల సంది ఎవరూ పలుకరియ్యని ఫోన్‌కు
ఆ రాత్రి పదకొండు కాల్స్.
"నాకేం గాలే, నాకేం గాలే" అనుకుంట
మెట్లు దిగుతున్న వాని మొఖంల
అది భయమో పండుగో
నాకు సమజ్ కాలే.

పక్క గది షేర్ జమాన్ ఉప్పు కోసం వచ్చి
గడపల నిలవడ్డడు.
ఆయన ఫోన్ల ఒక వార్త, మా ఫోన్ల ఒక వార్త.
ఇద్దరం ఉప్పు గురించే మాట్లాడుకున్నం,
దొడ్డుప్పు మంచిదా, సన్నుప్పా అని,
చానా సేపు.

నేను?
డిగ్రీ సగం చదువుకున్నోన్ని.
మూలకు కూసొని
ఒక్కొక్కనికి ఒక్కో కారణం అతికిస్తున్న,
సామాన్లకు ధర చీటీలు అతికిచ్చినట్టు.
ఇంతల చేతులకు తడి తగిలింది.
నల్లా కింద బకెట్ ఎప్పుడు వెట్టిన్నో
నాకే తెల్వదు.

ఏడేండ్లప్పుడు, మా వాడకు జీపులొచ్చిన రాత్రి
అవ్వ అరవలే, ఏడ్వలే.
బిందె, గంజు, గుండి, ఆఖరికి చెంబు,
ఇంట్ల ఉన్నయన్ని నింపింది.
"రేపు బాయికాడికి పోనిస్తరో లేదో" అన్నది.
తెల్లారేసరికి నాయినను తీస్కపోయిన్రు.
నీళ్లు మాత్రం
నాలుగు దినాలొచ్చినయి.

వార్త ఇయ్యాల్టిదే.
ఉలిక్కిపడ్డ చేతులే పాతయి.

మరి బక్కన్నది ఫోర్‌మన్ మీది కోపమేనా?
వాళ్లన్న ఒకాయన
ఓడ మీద పనికి పోయిండని
ఎన్నడో బస్సుల అన్నట్టు యాది.
ఆ రోజు నాకు నిద్రొస్తుండె,
సగమే విన్న.

నాలుగింటికి, బస్సు హారన్ కొట్టకముందే
స్నానాల కాడికి పోయిన.
నా బకెట్ పక్కన ఇంకా తొమ్మిది,
అంచుల దాక.
ఒకదాని మీద దుమ్ము పడకుండ ప్లేటు బోర్లించి ఉన్నది,
పక్కన ఎర్ర పెయింటుతోని పేరు:
రాజలింగం.

ఎవరూ ఎవరినీ ఏమనలే.
పండ్లు తోముకున్నం, హెల్మెట్లు తీసుకున్నం.
గోడ అవతల షేర్ జమాన్ వాళ్ల దిక్కు
ఇంకా ఏదో నిండుతున్నది,
చప్పుడు సన్నవడుకుంట, సన్నవడుకుంట
మీదికొస్తున్నది.