ఇసుక మీద రెండు గంటలు

కరెంటు బిల్లు వెనకాల గీశాను దారి.
ఈ అంచున కరకట్ట, ఆ అంచున కరకట్ట,
మధ్యలో కృష్ణ ఉండాల్సిన చోట
ఖాళీ కాగితం.

వైశాఖం ముదిరితే
బ్యారేజీకి దిగువన మాకో ఎడారి పుడుతుంది.
వారధి మీద బస్సులో పోయేవాళ్లు
చిల్లర చేత్తో పట్టుకుని
విసరడానికి నీళ్లు వెతుక్కుంటారు.
ఖుద్దూస్ గారు మాత్రం
"అక్కడిదాకా నడవగలనా?" అని అడిగారు.

గవర్నరుపేటలో నలభై రెండేళ్ల స్టూడియో ఆయనది.
వెనక తెర మీద రంగులేసిన ఎడారి:
మూడు ఒంటెలు, ఒక ఖర్జూరపు చెట్టు,
పొద్దున్నో సాయంత్రమో తేలని ఆకాశం.
దాని ముందు పాయకాపురం పెళ్లికొడుకులు నవ్వారు.
హజ్‌కి వెళ్లే ముసలమ్మలు
పాస్‌పోర్టు ఫొటో అయ్యాక ఇదొకటి దిగి, నవ్వలేదు.
మొదటి జీతం చీరలో నేనూ నిలబడ్డాను,
పెచ్చులూడిన ఒంటె మూతిని భుజంతో కప్పి.
తెర దించడం, తెర చుట్టడం
పదకొండేళ్లు నా ఉద్యోగం.

సరే, రాసుకుంటున్నాను.

అయిదుంబావుకి రాణిగారితోట మెట్లు.
ఏసోబు ఆటో అక్కడిదాకే.
చెప్పులు చేతిలోకి తీసుకోవాలి.
అప్పటికింకా ఇసుకలో రాత్రి మిగిలుంటుంది,
ఏడు దాటిందా, పెనమే.
మజ్జిగ రెండు సీసాలు, ఒకటి ఉప్పు లేకుండా.
తడి తువ్వాలు.
కెమెరాకి కడిగి ఆరేసిన పాలకవరు.

మొదట ఆగేది ట్రాక్టరు జాడల దగ్గర.
కిందికి వంగి చూస్తే అవి కొండల వరస.
ఏటవాలు ఎండ ఉన్న పది నిమిషాలే ఉంటాయి,
ఆ తర్వాత మామూలు టైర్లు.

తర్వాత బోర్లించిన పడవ.
దాని తారు పగుళ్లలో ఉడుము చర్మం కనిపిస్తుంది.
నీడలో ఒక కుక్క కాపురం. దాన్ని లేపకూడదు.

మూడోది ఎక్కడన్నది
రెండు రోజులు తేలలేదు.
పడవ నుంచి పాత వంతెన దిమ్మలకి
నాలుగొందల పన్నెండు అడుగులు,
ఆదివారం ఒక్కదాన్నే వెళ్లి లెక్కపెట్టాను.
ఆయన ఎడమ మోకాలు రెండొందలకే మొరాయిస్తుంది.
మధ్యలో తీయడానికేమీ లేదు, ఒట్టి చదును.
ఆ చదును మీద ఒక చుక్క పెట్టి రాశాను:
"ఇక్కడ గాలి గీసిన గీతలు."
అబద్ధమేం కాదు,
గాలి ఎక్కడైనా గీస్తుంది.
ఆయన మోకాళ్ల మీద వంగి
ఫోకస్ అంటూ పది నిమిషాలు ఊపిరి తీసుకోవచ్చు.

దిమ్మలకి ఎడంగా వెళ్లకూడదు.
లారీలు తవ్విపోసిన గుంటలు,
పైన పలుచటి ఇసుక మూత.
ఆ మాట చెప్పినవాడు జోజి,
అయస్కాంతానికి తాడు కట్టి నాణేలు ఈడ్చే పిల్లాడు.
వాడి తట్టలో చూశాను:
ఆరు రూపాయి బిళ్లలు, ఒక గుర్రపు నాడా,
వినాయకుడి నడుములోంచి వచ్చిన ఇనపచువ్వ.

చివరిది పాయ.
మడమ మునిగేంత నీళ్లు,
అందులోనే ఇంద్రకీలాద్రి మొత్తం తలకిందులుగా పడుతుంది.
ఆయన ముందు నిలబడి
నీడ పడకుండా నేను పక్కకి జరగాలి.
పైన వానలు కురిసి గేటు ఎత్తారా, అంతా రద్దు.
ఎడారి ఎవర్నీ అడక్కుండా నదైపోతుంది.

రాత్రి పదిన్నరకి ఫోను.
"అమ్మాయ్, తెర కూడా తెద్దామా?"
ఎందుకండీ అన్నాను.
కాసేపు పలకలేదు.
"పాపం, అది మాత్రం ఎప్పుడు చూసింది?"

ఎనిమిదడుగుల గొట్టం. ఆటోలో పట్టదు.
కుదరదని చెప్పడానికి నోరు తెరిచాను.
తెరిచి, జోజి ఎంత అడుగుతాడో కనుక్కుంటానన్నాను.

బిల్లు తిప్పి
ఆఖరి తేదీ పక్కన మిగిలిన చోట రాశాను:
మజ్జిగ ఇంకో సీసా. వాడికి ఉప్పు వేసి.