పియానోలో ఎలుక

తిబిలిసిలో, మెట్లు అరిగిన మేడ మీద
నుగ్జర్ పొద్దుటి నుంచీ తీగలు బిగిస్తున్నాడు.
వెంట్రుకవాసి అపశ్రుతినైనా
పక్కగది నుంచే పట్టేస్తాడు.

మధ్యాహ్నం దాటింది. చేయి వణికింది.
తీగదే తప్పన్నాడు.
కాఫీ పెట్టనా అంటే కసిరాడు.
తల తిరిగితే కిటికీ తెరవమన్నాడు.

ఆకలి అతని దగ్గరికి
పేరు చెప్పుకుని రాదు.
చలిలా వస్తుంది, కోపంలా వస్తుంది,
ఒక్కోసారి రానే రాదు.

బల్ల కింద ఆడుకుంటున్న నా కూతురు ఎలిసో
చెవి రిక్కించింది:
"తాతా, పియానోలో ఎలుక!"

నిజమేననుకుని టార్చి వేసి
మూత ఎత్తి, సుత్తుల సందుల్లో
ఎంతసేపు వెతికాడో.

అది మళ్ళీ కుయ్యిమంది.
ఎలిసో తన చిక్కుడుగింజల రొట్టె తుంచి
అతని చొక్కా గుండీల దగ్గర పెట్టింది,
ఎలుకకి.