నూటెనిమిది

సోహార్ రేవు పక్క క్లినిక్‌ల
తూకం మిషిన్ మీద బక్కన్న ఎక్కిండు: నూటెనిమిది.
వాడు దిగిండు, నేనెక్కిన: నూటెనిమిది.
మా దిక్కు అంబులెన్సు నంబరిదే అని ఇద్దరం నవ్వినం.
మలయాళీ సిస్టర్‌కు సమజ్ గాలె.

పేరుకే బక్కన్న.
మా ఇద్దరికి ఒక్కటే బెల్టు, అదే బెజ్జం.
ఈద్ సెలవుకు వాని ప్యాంటు తొడిగి మస్కట్ వోయొచ్చిన.
ఒక్క కుండ అన్నం, ఒక్క డబ్బ నూనె,
శుక్రారం మాంసం కూర,
మూకుడు అడుగు గీకింది గూడ సగం సగం.

ఆదివారం కాయితాలొచ్చినయ్.
వానియన్ని నల్ల అక్షరాలు.
నా దాంట్ల ఎర్రగీతలు:
పొద్దుగాల చాయ్ తాగకముందే చక్కెర నూట డెబ్బై రెండు,
బీపీ, కాలేయం నిండ కొవ్వు.
"సీసాలు మారినయేమో" అన్న.
అంటుంటెనే తెలిసింది, మారాల్నని కోరుకుంటున్న.
నాది వానిది గావాలె.
పదకొండేండ్లు ఒక్క రూముల పండుకున్నోని మీద
అసొంటి మాట నా కడుపుల వుట్టింది.

డాక్టరు సూడానాయన. మెల్లగ అరబ్బీల చెప్పిండు.
నాకు సమజైంది ఇట్ల:
కొందరి కొవ్వు తొడలకు, తోలు కింద
కిరాయికున్నట్టు నిమ్మలంగుంటది.
కొందరిది లోపలికి వోయి, పేగుల నడుమ కూసోని
ఇల్లు నాదే అంటది.
ఎందుకు సార్ అంటే
నీ నాయిన, నీ నిద్ర, నీ పని అని
ఇంక మాకు తెల్వదన్నట్టు చేతులు సాపిండు.
బక్కన్న దిక్కు జూసి, "మంచిగనే ఉన్నది. ఇప్పటికి."

నా పని క్రేన్ డబ్బల. నలభై మీటర్ల మీద, రాత్రిళ్ళు.
కంటెయినర్లు లేస్తయ్. నేను లేవ.
వాడు కింద ఇనుప రాడ్లు మోస్తడు,
ఓడ నిచ్చెన్లు ఎక్కి దిగుతడు.
గుర్రు గూడ నాదొక్కనిదేనట.

నా కాయితం సదివి వాడు నవ్వలె.
సాయంత్రం బంగ్లాదేశోని దుకాణంల జొన్నపిండి తెచ్చిండు.
రొట్టె చెయ్యరాదు మాకు, అంచులన్ని పలిగినయ్.
"నీకెందుకురా, నీది మంచిగనే ఉన్నది గద?"
"ఇప్పటికన్నడు గద, ఇనలేదా?"

ఇప్పుడు డ్యూటీకి ముందు
క్యాంపు కంచె చుట్టు తిరుగుతున్నం.
ఇసుకల మా అడుగులు ఒక్కటే లోతు,
ఏది ఎవ్వనిదో చెప్పరాదు.
కాని ముందటివి వానియే.
ఆగరా బక్కన్నా,
దమ్మొస్తున్నది.