దిగాల్సిన చోటు

పద్దెనిమిదేళ్లు రీగాలో ట్రాం నడిపిన మా అక్క వెల్గా
ఇవాళ టికెట్ కొని కిటికీ పక్కన కూర్చుంది.
ఒళ్లో సంచి. రెండు నైటీలు, ఉన్ని మేజోళ్లు,
సూదులు అక్కడ తీసేసుకుంటారని చెప్పినా పెట్టుకున్న
సగం అల్లిన చేతితొడుగు.

వంతెన మీద దౌగవ నది బూడిదరంగుగా ఉంది.
నేనటు చూడలేదు. తను చూసింది, చాలాసేపు.
ఏం చూస్తోందో నాకు తెలుసు.
నాకు తెలుసని తనకీ తెలుసు.

"ఈ కుర్రాడు బ్రేకు మొరటుగా వేస్తున్నాడు" అంది.
మూడు వారాల్లో
తన నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం.

ఆసుపత్రి స్టాపు దగ్గర పడుతోంది.
నేను గుర్తు చెయ్యలేదు, లేవలేదు,
చేతులు తొడల కింద నొక్కిపెట్టుకుని కూర్చున్నాను.
దిగకపోతే ఇంకో నాలుగు స్టాపులు,
ఆపైన పట్టాలు గుండ్రంగా తిరిగి
మళ్లీ ఇంటికే.

ఎర్ర బటన్ తనే నొక్కింది.

లోపల సంతకమూ తనే పెట్టింది.
"దగ్గరి బంధువు" అన్న గడిలో నా పేరు,
వణుకుతూ, ఒక అక్షరం పోగొట్టి.
నేను దిద్దలేదు.

తిరుగు ట్రాంలో వేరే డ్రైవరు.
ఇతనూ అంతే అక్కా,
మలుపు దగ్గర ఒక ముసలాయన తూలి నా మీద పడ్డాడు.
ఆదివారం వచ్చినప్పుడు చెబుతాను.